గంట తేడా, ఒక దావా

సాఫ్ట్‌వేర్ గురించి అనగానే భోజనాల హాలు వైపు చూసేవాళ్ళుంటారు కనుక జాతకంతో మొదలుపెడతాను.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, ఇండియాలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు. ఈ సభలో 1943లో పుట్టిన పెద్దలెవరైనా ఉంటే, ఆ సంగతి తెలియని కంప్యూటరు వారి లగ్నాన్నే మార్చేయగలదు. కంప్యూటరుకి ఇది చెప్పేది టీజెడ్ డేటాబేస్ అనే చిన్న ఫైళ్ళ మూట. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ గారు 1980లలో మొదలుపెట్టారు. తర్వాత యూసీఎల్ఏలోని పాల్ ఎగర్ట్ గారు భుజాన వేసుకున్నారు. ఉచితం. మీ జేబులోని ఫోనులోనూ ఉంటుంది.

ఆ ఫైళ్ళు తెరిస్తే మన కావ్యాల్లాగే మూలం కొంత, వ్యాఖ్యానం కొండంత! ఈ అంకె ఫలానా పుస్తకంలోది, ఫలానా వారు చూసి సరిదిద్దారు అని రాసి ఉంటుంది. థామస్ షాంక్స్ గారి అట్లాసు పేరు పదేపదే వస్తుంది. అందులో తప్పులున్నాయనీ అక్కడే రాశారు.

2011 సెప్టెంబరు 30న ఆ అట్లాసు హక్కులు మావేనంటూ ఆస్ట్రోలేబ్ అనే జ్యోతిష సాఫ్ట్‌వేర్ కంపెనీ మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో ఆ ఇద్దరి మీదా దావా వేసింది. ఫైళ్ళు పంచే సర్వరు మూతపడింది. అక్టోబరులోనే ఐకాన్ సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. నిజానికి వాస్తవాల మీద కాపీరైటు ఉండదని అమెరికా సుప్రీంకోర్టు 1991లోనే, ఒక టెలిఫోన్ డైరెక్టరీ కేసులో తేల్చింది. 2012 ఫిబ్రవరిలో కంపెనీ క్షమాపణ చెప్పి దావా వెనక్కి తీసుకుంది.

అప్పట్లో మా ఆఫీసులో ఒక తెలుగు కుర్రాడు, "చూశావా అన్నా, పేరు రాయకపోతే ఈ గొడవే ఉండేది కాదు" అన్నాడు. చాలామంది అలాగే అనుకున్నారు. నేను ఒప్పుకోను. పేరు ఉండబట్టే ఏ అంకె ఎక్కడిదో, దేన్ని నమ్మకూడదో తెలిసింది.

మన బ్రౌన్ నిఘంటువునే చూడండి. 1852లో వచ్చింది. 1903 కూర్పును వెంకటరత్నం, క్యాంబెల్, వీరేశలింగం గార్లు సవరించారు. చికాగో విశ్వవిద్యాలయం వారు దాన్ని కంప్యూటరుకెక్కించారు. ఏ పేరూ లేకుండా ఆ పదాలను యాపులో పోస్తే, ఒక అర్థం బ్రౌన్ దొర ఇచ్చిందో, వీరేశలింగం గారి నాటి సవరణో, నిన్నటి టైపు తప్పో ఎవరు చెప్పగలరు?

మీ పిల్లలు తెలుగు యాపు రాస్తుంటే పదాల ఫైలు పైన ఒక్క వాక్యం పెట్టించండి: ఏ పుస్తకం, ఏ కూర్పు, ఎవరి ప్రతి, ఎప్పుడు దించుకున్నాం. ఇచ్చినవారి షరతులూ చదివించండి. లాప్‌టాప్ తెచ్చాను. భోజనాలయ్యాక వస్తే టీజెడ్ ఫైలులో ఇండియా గురించిన వరుసలు చూపిస్తాను.