ఒరపిడి లేని సీలు

ఇంట నీరు తోడు విద్యుత్తు పంపు గలవారు ఒక సంగతి గమనించియే యుందురు. ఇరుసు పంపులోనికి చొచ్చు చోట కొన్నాళ్ళకు బొట్టుబొట్టుగ నీరు కారసాగును. తిరుగు ఇరుసునకును, కదలని గోడకును నడుమ సందు లేకుండుట అసాధ్యము. ఆ సందును కాచునదే సీలు. నీరైనచో నాలుగు బొట్లు పోయినను మునుగునదేమియు లేదు. సహజవాయువును గొట్టములలో దూరప్రాంతములకు తోయు కంప్రెసరు మాట వేరు. అచట కారునది మీథేను. నిప్పు సోకిన మండును, గాలిలో కలిసిన భూమిని వేడెక్కించును.

సీలునందు రెండు ఉంగరములు ముఖాముఖిగ నుండును. ఒకటి ఇరుసుతో తిరుగును. రెండవది తిరుగదు, స్ప్రింగులు దానిని మొదటిదానివైపు నెట్టుచుండును. పంపులో ఆ రెంటి నడుమ నీటితడి ఒరపిడిని తగ్గించును. వాయువునకు ఆ గుణము లేదు. నిమిషమునకు పదివేల చుట్లు తిరుగునపుడు పొడి ఉంగరములు రాచుకొన్నచో త్వరలోనే కాలి చెడును. అందుచే పూర్వము వాయువుకంటె హెచ్చు ఒత్తిడితో నూనెను నడుమకు పంపెడివారు. నూనె వాయువును ఆపినది, నిజమే. కాని కొంత వాయువును తనలో కరగించుకొని, తొట్టికి చేరిన పిదప బయటికి వదలినది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కలలో అట్లు పోవునది నిమిషమునకు 40 మొదలు 200 ఘనపుటడుగులు.

ఉంగరములను అసలు తాకనీయకున్ననో? ఎడము పెరిగినచో వాయువంతయు పోవును. ఈ చిక్కును విడదీసినది ఒక గాడి. తిరుగు ఉంగరపు ముఖముపై, వెలుపలి అంచునుండి లోపలికి, సుడి ఆకారమున, కొలది మైక్రానుల లోతున గాళ్ళు చెక్కుదురు. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. గాడి లోపలి అంచువరకు పోదు, నడుమనే ఆగును. మిగిలిన నునుపుభాగము చెరువుకట్టవంటిది. ఉంగరము తిరుగగా వాయువు గాడివెంట ఈడ్వబడి, కట్టకు తగిలి, ఒత్తిడి హెచ్చి, రెండవ ఉంగరమును వెనుకకు నెట్టును. ఏర్పడు ఎడము సామాన్యముగ మూడు నుండి ఐదు మైక్రానులు. తలవెండ్రుక మందములో పదవ వంతైనను ఉండదు.

నాకు మిక్కిలి ముచ్చట గొలుపునది దీని స్వయంపాలనము. ఎడము తగ్గినచో గాలిపొర బలము పెరిగి ఉంగరములను విడదీయును. ఎడము పెరిగినచో ఆ బలము సన్నగిల్లి, స్ప్రింగులు వానిని దగ్గరకు చేర్చును. సుడిగాళ్ళ శాస్త్రమును బేరింగులకై హాలండు దేశీయుడు మైడర్మన్ 1966 నాటి గ్రంథమున విపులముగ వ్రాసెను. వాయుసీళ్ళలో గాడి ఎంతమేర, కట్ట ఎంతమేర యను పాళ్ళను జోసెఫ్ సెడీ 1980లో చర్చించెను. ఇట్టి సీలొక్కటినుండి పోవు వాయువు, పై సంస్థ లెక్కలోనే, నిమిషమునకు అర మొదలు మూడు ఘనపుటడుగులు మాత్రమే.

లోపములు లేకపోలేదు. సుడిగాడి ఒక దిక్కునకే పనిచేయును. ఇరుసు వెనుకకు తిరిగినచో వాయువును బయటికి లాగి ఉంగరములను కలిపివేయును. రెండు దిక్కులకును పనిచేయు గాళ్ళు కూడ కలవు గాని, వాని గాలిపొర అంత బిగువైనది కాదు. ఇక ధూళియు, నూనెతుంపరయు గాడిలో చేరినచో ఏ ఆకారమును కాపాడజాలదు. అందుచే వడగట్టిన వాయువునే సీలునకు పంపుదురు. దానిని కంప్రెసరు తన ఒత్తిడితోనే పంపుకొనును. యంత్రమాగినపుడు తోయునది ఉండదు. వేగముగ తిరుగునపుడుకంటె ఆగియున్న వేళనే ఈ సీలునకు గండమెక్కువ.