ఇంటి వడ్రంగం - నా అనుభవం



ప్రతి పోస్టింగుకూ సామాన్లు సర్దిన చెక్క పెట్టెలు మనందరి ఇళ్లలోనూ ఉంటాయి. రిటైరయ్యాక వాటిని విప్పి మా చిన్నమ్మాయికి చదువుకునే బల్ల చేద్దామనుకున్నాను. ముందుగా వెళ్లి కరెంటు రంపం కొన్నాను. ఫౌజీ బుద్ధి కదా, ఆయుధం పెద్దదైతే గెలిచినట్టే అనుకున్నా! చెక్కలో ఉన్న మేకుకి తగిలి అది వెనక్కి తన్నింది. దేవుడి దయ, వేళ్లు దక్కాయి. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

అప్పుడు మా ఊరి వడ్రంగి దగ్గర కూర్చున్నాను. నాకంటే చిన్నవాడే, అయినా ఉస్తాద్ ఉస్తాదే. చేతి రంపం, 6, 12, 25 మిల్లీమీటర్ల ఉలులు మూడు, చిత్రిక, మూలమట్టం, సానరాయి, రెండు క్లాంపులు. మొదలుపెట్టడానికి ఇవి చాలన్నాడు.

మూలమట్టాన్ని కొట్లోనే పరీక్షించండి. తిన్నని అంచుకు ఆనించి గీత గీయండి, తిరగేసి అదేచోట మళ్లీ గీయండి. రెండు గీతలూ కలిస్తేనే డబ్బివ్వండి. ఉలి మొద్దుబారితే బలం ఎక్కువ పెడతాం, అది జారి చేతిలో దిగుతుంది. అందుకని రైఫిల్ శుభ్రం చేసినట్టు రోజూ సానపట్టాలి. ఏటవాలు 25 నుంచి 30 డిగ్రీలు. చెక్కను క్లాంపుతో బిగించి, రెండు చేతులూ ఉలి అంచుకు వెనకాలే ఉంచాలి. పాత చెక్కయితే మైన్లు వెదికినట్టు అయస్కాంతంతో మేకులు వెదికి పీకాకే చిత్రిక పట్టండి.

బల్ల అయింది. ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టాం. పెట్టె మీద తెల్ల రంగుతో రాసిన నా నంబరు, ర్యాంకు ఉన్న చెక్కను మాత్రం చిత్రిక పట్టకుండా బల్ల అడుగున బిగించాను.