శరీరములోని గాదె
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



రాత్రి ఎనిమిది గంటలకు భోజనము చేసి నిద్రించిన మనుష్యుడు తెల్లవారువరకు మరేమియు తినడు. అయినను మెదడు పని మానదు. దానికి ముఖ్యమైన ఇంధనము గ్లూకోజు అను చక్కెర. దినమునకు సుమారు 120 గ్రాములు మెదడునకే కావలెను. పెద్దవాని రక్తమంతటిలో ఒక్కసారి యుండు గ్లూకోజు ఐదు గ్రాములకు మించదు, అనగా ఒక చెంచాడు. దానితో మెదడు ఒక గంట గడుపుకొనగలదు. మరి మిగిలిన రాత్రి యెట్లు గడచుచున్నది?

దీనికి సమాధానము కనుగొన్నవాడు క్లాడ్ బెర్నార్డ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. ఆయన 1813లో ద్రాక్షతోటలు సాగుచేయు కుటుంబమున, సెయింట్ జూలియన్ అను పల్లెలో జన్మించెను. చక్కెరను తయారుచేయునవి మొక్కలే యనియు, జంతువులు దానిని తిని వ్యయపరచునే గాని పుట్టింపజాలవనియు ఆనాటి పండితుల నమ్మకము. బెర్నార్డ్ కుక్కలకు మాంసము మాత్రమే పెట్టి పరీక్షించి, కాలేయమునుండి వెలువడు రక్తములో చక్కెర కలదని 1848లో చూపెను. 1855 నాటి ప్రయోగము ఇంకను తిరుగులేనిది. అప్పుడే చంపిన కుక్క కాలేయములోనికి సిరగుండ నీటిని పంపి, బయటికి వచ్చు నీటిలో చక్కెర జాడ లేకుండునంతవరకు కడిగెను. దానిని అట్లే యుంచి మరునాడు చూడగా మరల చక్కెర సమృద్ధిగా కనబడెను. రక్తము లేదు, ఆహారము లేదు. కావున కాలేయములోనే దాగియున్న వస్తువేదో చక్కెరగా మారియుండవలెను. 1857లో ఆయన ఆ వస్తువును తెల్లని పొడిగా వేరుచేసెను. దాని పేరే గ్లైకోజన్, అనగా చక్కెరను పుట్టించునది. మూగజీవములపై చేసిన ఈ ప్రయోగములను ఆయన భార్యయే సహింపలేకపోయినది. ఆమె ఆక్షేపణ త్రోసివేయదగినదని చెప్పుటకు వీలులేదు.

గ్లైకోజన్ అనగా వేలకొలది గ్లూకోజు కణములు కొమ్మలు రెమ్మలుగా అల్లుకొనిన గుత్తి. చక్కెరను చక్కెరగానే దాచుకొనరాదా యని అడుగవచ్చును. ఉప్పు పట్టించిన మామిడిముక్కలనుండి నీరూరుట గృహిణు లెరిగినదే. కరిగిన పదార్థము చిక్కగా నున్న వైపునకు నీరు లాగబడును. కాలేయకణములో అంత గ్లూకోజు విడివిడిగా నిలువచేసినచో నీరు చొచ్చుకొనివచ్చి కణము ఉబ్బి పగులును. వేల కణములు ఒక్క గుత్తియైనప్పుడు ఆ లాగుడు దాదాపు లేకుండ పోవును. మరియు కొమ్మలు అనేకమగుటచే, అవసరము వచ్చినప్పుడు అనేకమైన కొనలనుండి ఒక్కమారే చక్కెరను త్రుంచుకొనవచ్చును.

అన్నము జీర్ణమై గ్లూకోజు రక్తమున హెచ్చగానే క్లోమము ఇన్సులిన్‌ను విడుచును. దాని ఆజ్ఞతో కాలేయము సుమారు 100 గ్రాములు, కండరములన్నియు కలిసి సుమారు 400 గ్రాములు గ్లైకోజన్‌గా నిలువచేయును. రక్తములో చక్కెర తగ్గినప్పుడు అదే క్లోమము గ్లూకగాన్ అను వేరొక రసమును పంపును. కాలేయపు గాదె తెరువబడును. భయము కలిగినను, పరుగెత్తినను ఎడ్రినలిన్ ఆ పని చేయును.

గ్లైకోజన్‌ను విడగొట్టు ఎంజైము ప్రతి గ్లూకోజునకు ఒక ఫాస్ఫేటును తగిలించి త్రుంచునని కార్ల్ కోరీ, గెర్టీ కోరీ దంపతులు కనుగొని 1947లో నోబెల్ బహుమతి పొందిరి. కట్టు త్రోవ విడగొట్టు త్రోవ కాదనియు, అది వేరనియు చూపిన అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు లెలువార్‌కు 1970లో ఆ గౌరవము లభించెను. తగిలిన ఫాస్ఫేటును ఊడదీసినగాని గ్లూకోజు కణము దాటి రక్తములోనికి పోజాలదు. అట్లు ఊడదీయు ఎంజైము కాలేయమున కలదు, కండరమున లేదు. అందుచే కాలేయపు నిలువ ఊరుమ్మడి గాదె. కండరపు నిలువ ఎవరి యింటి గింజలు వారివే.

ఈ ఫాస్ఫేటు మాట వచ్చినప్పుడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపక తప్పదు. ఆయన ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1927లో వారిరువురు కండరమున ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనిరి. బరువెత్తిన మొదటి కొన్ని క్షణములు కండరమును నడుపునది అదియే. గ్లైకోజన్ పిమ్మట అందుకొనును.

కాలేయపు నిలువ సుమారు ఒక దినమునకు సరిపోవును. అది తరుగుచుండగా కాలేయము మాంసకృత్తులు మొదలగువానినుండి క్రొత్తగా గ్లూకోజు తయారుచేయును. కనుక ఏకాదశి ఉపవాసము ఆరోగ్యవంతునకు హాని చేయదు. మధుమేహమునకు ఇన్సులిన్ వేసికొనువారి సంగతి వేరు. సూదితో ఎక్కిన ఇన్సులిన్‌కు ఏకాదశి తెలియదు. ఇంటివారు పస్తున్నను అది గాదె తలుపు మూసియే యుంచును. చెమట, వణకు, తత్తరపాటు, మాట తడబాటు, పిమ్మట స్మృతి తప్పుట సంభవించును. స్మృతి యున్నప్పుడే పంచదార నీరు త్రాగింపవలెను. తప్పినపిమ్మట నోట నేమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. ఉపవాసమునకు ముందే వైద్యునడిగి మోతాదు మార్పించుకొనుట మేలు.

పస్తుండి సారాయి త్రాగువానికిని ఇట్టి ముప్పే కలదు. సారాయిని అరగించు పనిలో కాలేయము క్రొత్త చక్కెరను చేయజాలదు; పాత నిలువ అంతకుముందే అయిపోయియుండును. వాడు పడిపోయినప్పుడు త్రాగి పడినాడని జనులు తప్పుకొని పోవుదురు. వాడు చక్కెర లేక చచ్చుచుండవచ్చును.

ఆ ఫాస్ఫేటును ఊడదీయు ఎంజైము పుట్టుకతోనే లోపించిన శిశువులు అరుదుగా నుందురు. ఫాన్ గీర్కే 1929లో వర్ణించిన వ్యాధి యిది. లోపమేదో 1952లో కోరీ దంపతులు తేల్చిరి. గాదె నిండియుండును, తలుపు మాత్రము తెరచుకొనదు. కాలేయము పెరిగి కడుపు ఉబ్బును. పాలు త్రాగి కొన్ని గంటలు గడచినంతనే మూర్ఛ రావచ్చును. బిడ్డ పొట్ట బాగుగా పెరుగుచున్నదని తల్లి మురియుటకును ఆస్కారము కలదు. ఒకప్పుడు ఇట్టివారికి రాత్రియెల్ల గొట్టముద్వారా గ్లూకోజు ఎక్కింపవలసివచ్చెడిది. ఉడికింపని మొక్కజొన్న గంజిపొడిని నీట కలిపి త్రాగించినచో అది మెల్లమెల్లగా జీర్ణమై గంటలతరబడి చక్కెరను అందించునని 1984లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. ఉడికించినచో త్వరగా జీర్ణమై ఆ గుణము పోవును. వైద్యుడు నిర్ణయించిన కొలత ప్రకారము, గడియారము చూచి, నడిరేయి బిడ్డను లేపి త్రాగింపవలెను.