ఎముకలో పట్టు చీము

చంద్రగిరి కోట క్రింది పల్లెలలో బిడ్డ కాలు నొచ్చినదని యేడ్చినచో పెద్దల నోట మొదట వచ్చు మాట పుత్తూరు. కోడిగ్రుడ్డు తెల్లసొన, ఆకు పసరు, బట్ట, వెదురు బద్దలు, వీనితో వేయు పుత్తూరు కట్టునకు ఈ ప్రాంతముననే కాక చెన్నై వరకు పేరు కలదు. ఆ విద్యను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. అయితే ఏ కట్టునకును లొంగని ఎముక నొప్పి యొకటి కలదు. దానిని గూర్చియే నేడు ముచ్చటించెదము.

ఎనిమిది, పదియేండ్ల పిల్లవాడు ఆటలో పడును. మరునాడో మూడవనాడో మోకాటి దగ్గర నొప్పి యని మూలుగును, కాలు నేల మోపడు, ఒడలు కాలిపోవుచుండును. "పడ్డాడు గదా, బెణికి యుండును" అని తల్లిదండ్రులు అనుకొందురు. పడిన మాట నిజమే. కాని బెణుకు చలిజ్వరమును తేదు. జ్వరముతో కూడ కాలుగాని చేయిగాని కదల్చలేని బిడ్డ ఎముకలో సూక్ష్మజీవులు చేరినవేమో యని మొదటనే అనుమానింపవలెను.

ఈ జీవులలో ముందుగా చెప్పదగినది స్టెఫిలోకాకస్ ఆరియస్. స్కాట్లండు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ దీని జాతిని చీములో గుర్తించి, 1882లో ద్రాక్షగుత్తి యను అర్థము వచ్చు గ్రీకు పేరు పెట్టెను. అంతకు రెండేండ్ల ముందే పాశ్చర్ సెగగడ్డ చీములోను, ఎముక చీములోను ఒకే జీవిని చూచి, ఇది ఎముకకు లేచిన సెగగడ్డయే యని తేల్చెను. ఇంతకంటె చక్కగా చెప్పుట కష్టము. ఈ జీవి ఎక్కడినుండియో రాదు. ఆరోగ్యవంతులలో సుమారు పదిమందికి ముగ్గురి ముక్కులలో కాపురముండును. గీరుకొన్న కురుపునుండియో, ముల్లు గ్రుచ్చుకొన్న చోటినుండియో నెత్తురులో పడును. ఎదుగుచున్న పిల్లల పొడవైన ఎముకల చివరలయందు నెత్తురు మెల్లగా పారును. స్వర్ణముఖి వంపు తిరిగిన చోట ఇసుక మేట వేసినట్లు ఈ జీవులు అచట నిలిచి పెరుగును.

చీము పట్టినపుడు సాగుటకు ఎముక చర్మము వంటిది కాదు. లోని ఒత్తిడికి రక్తనాళములు అణగి ఆ భాగము చచ్చును. మందు పోవునది నెత్తురు దారినే గనుక చచ్చిన ఎముకను మందు చేరజాలదు. దానిని శస్త్రచికిత్సచే తీయవలసినదే. ఆ దశకు ముందు దొరకు గడువు కొద్ది దినములు మాత్రమే. ఆ దినములు కట్టు క్రింద గడచిపోరాదు. ఇందు మరియొక చిక్కు కలదు. మొదటి వారము, పది దినములు ఎక్స్‌రేలో ఎముక బాగుగనే కనబడవచ్చును. అందుచే దానితో తృప్తిపడక, రక్తపరీక్ష, ఎం.ఆర్.ఐ. అవసరమా యని వైద్యుని అడుగవలెను.

ఎముక విరిగి చర్మము చీలినపుడు ఈ జీవులకు నెత్తురు దారితో పనిలేదు. మట్టితో, పేడతో నేరుగా లోనికి పోవును. అట్టి గాయముపై పసరు పూయరాదు. శుభ్రమైన బట్ట కప్పి, ఆలసింపక ఆసుపత్రి చేర్చవలెను. చంద్రగిరివారికి తిరుపతిలో రుయా ఆసుపత్రియు, దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రియు సుమారు 12 కిలోమీటర్ల దూరముననే యున్నవి.

మధుమేహము గలవారి పాదపు పుండునుండి పలుజాతుల జీవులు కలసి వ్రేళ్ల ఎముకలలోనికి దిగును. కాచని మేకపాలతో వచ్చు బ్రుసెల్లా వెన్నెముకను పట్టవచ్చును. వెన్నును పట్టు వానిలో క్షయ మిక్కిలి మోసకారి. దానికి తొందర లేదు. నెలల తరబడి నడుమునొప్పి, సాయంకాలపు జ్వరము, చిక్కిపోవుట, తుదకు గూను. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయము వెలసిననాడు దీనికి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, ఆహారము, ఇవియే వైద్యము. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని బయటపడలేదు.

నేడు మందులు కలవు. కాని దుకాణమున అడిగి తెచ్చిన రెండు మూడు మాత్రలు జ్వరమును అణచునే గాని వ్యాధిని అణచవు. పైగా ఏ జీవియో తేల్చు పరీక్షను చెరచును. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ 1961లో ఇంగ్లండున కనబడినది మొదలు ఆ పరీక్షకు విలువ మరింత పెరిగినది. సాధ్యమైనంతవరకు మొదటి మోతాదునకు ముందే నెత్తురో చీమో పరీక్షకు పంపుదురు. జ్వరము నాలుగు దినములలో తగ్గినను, మందు పిల్లలకు మూడు నాలుగు వారములు, పెద్దలకు ఆరు వారములు, వెన్ను క్షయకు సుమారు సంవత్సరము సాగును.