విరిగేదేదో ప్రయోగశాలలోనే విరగాలి



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరుమీద ఏర్పాటయిందో ఆ మాస్టారు ఉద్యోగమంతా మెషీన్ షాపులోనే గడిపారు. ఆయన పేరిట పేటెంట్లు లేవు, పెద్ద పత్రికల్లో వ్యాసాలూ లేవు. పరీక్షలో విరిగిన ముక్కను ఏ విద్యార్థీ చెత్తబుట్టలో వెయ్యకూడదన్నది మాత్రం ఆయన పెట్టిన నియమం. ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో రికార్డులో రాసి, ముక్కతో సహా చూపిస్తేనే సంతకం పెట్టేవారు. ఆయన స్మృతికి తగిన విషయం ఏదా అని ఆలోచిస్తే, విశ్వవిద్యాలయాల్లో పుట్టిన వైద్య, ఇంజనీరింగు ఆవిష్కరణల గురించి, అందులోనూ అవి విరిగిన సందర్భాల గురించి మాట్లాడాలనిపించింది.

ఈ విషయంమీద మాట్లాడేవాళ్లు సాధారణంగా ఒక జాబితా చదువుతారు. టొరంటోలో ఇన్సులిన్, ఆక్స్‌ఫర్డ్‌లో పెనిసిలిన్, స్టాన్‌ఫర్డ్‌లో జన్యు ఇంజనీరింగు. జాబితాలో తప్పేమీ లేదు. కాని అది వింటే ఎవరికో ఒక రాత్రి మెరుపులాంటి ఆలోచన తట్టిందనీ, తెల్లారేసరికి రోగి లేచి కూర్చున్నాడనీ అనిపిస్తుంది. మంచి ఆలోచనలు ఆసుపత్రి వార్డుల్లోనూ, కర్మాగారాల్లోనూ కూడా పుడతాయి. ఆ ఆలోచన మనిషి ఒంట్లోకి వెళ్లకముందు ఎన్నిసార్లయినా ఓడిపోవడానికి కావలసిన చోటూ, తీరికా ఇవ్వడం విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా చేయగలిగిన పని. ఈ ఒక్క మాట చెప్పడానికే వచ్చాను.

తిరువనంతపురం వాల్వు

మన దేశంలో జరిగిన కథతోనే మొదలుపెడతాను. చిన్నతనంలో వచ్చే గొంతునొప్పిని పట్టించుకోకపోతే కొందరు పిల్లల్లో అది కీళ్లవాత జ్వరంగా మారుతుంది. జ్వరం తగ్గిపోతుంది, గుండె వాల్వులమీద దాని మచ్చ మిగిలిపోతుంది. ఇరుకు ఇళ్లలో పెరిగే పేదపిల్లలకే ఈ బాధ ఎక్కువ. వాల్వు పూర్తిగా పాడైతే కృత్రిమ వాల్వు పెట్టాలి. 1960లో అమెరికాలోని ఆరెగన్ వైద్య కళాశాలలో ఆల్బర్ట్ స్టార్ అనే సర్జను, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి చేసిన బంతి వాల్వుతో ఈ చికిత్సకు దారి పడింది. మన దేశానికి వచ్చేసరికి ధర అడ్డుపడింది. దిగుమతి చేసుకునే వాల్వు కొనే స్తోమత ఎక్కువమంది రోగులకు ఉండేది కాదు.

తిరువనంతపురంలో శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థను తీర్చిదిద్దిన సర్జను ఎం.ఎస్. వలియత్తాన్ దీనికి పూనుకున్నారు. ఒకే సంస్థలో ఒకవైపు ఆసుపత్రి, మరోవైపు బయోమెడికల్ ఇంజనీరింగు విభాగం ఉండాలన్నది ఆయన పట్టుదల. రాజవంశం వారి పాత భవనం సాటెల్‌మండ్ ప్యాలెస్ ఇంజనీర్ల నిలయమైంది. 1980లో పార్లమెంటు చట్టంతో శ్రీ చిత్ర జాతీయ ప్రాముఖ్యంగల సంస్థ అయింది. వాల్వు రూపకల్పనలో ఇంజనీరు జి.ఎస్. భువనేశ్వర్ ఆయనకు కుడిభుజం.

గుండె వాల్వు చేసేది బావి మోటారు గొట్టం అడుగున ఫుట్ వాల్వు చేసే పనే. ద్రవాన్ని ముందుకు పోనివ్వాలి, వెనక్కి జారనివ్వకూడదు. ఫుట్ వాల్వు పాడైతే గొట్టం పైకి లాగి బాగుచేసుకుంటాం. గుండెలో పెట్టినదానికి ఆ సౌకర్యం లేదు. నిమిషానికి 72 సార్ల చొప్పున లెక్కవేస్తే రోజుకు లక్షకు పైగా, ఏడాదికి దాదాపు 3 కోట్ల 80 లక్షల సార్లు అది తెరుచుకుని మూసుకోవాలి. ఇరవై ఏళ్ల వయసు రోగికి పెట్టాలంటే ఆ లెక్కను నలభై, యాభైతో హెచ్చించాలి. పైగా అది రక్తాన్ని గడ్డకట్టించకూడదు, రక్తకణాలను నలిపెయ్యకూడదు.

వాళ్లు ఎంచుకున్నది వాలు బిళ్ల వాల్వు. లోహపు చట్రం, అందులో పక్కకు వాలి తెరుచుకునే గుండ్రటి బిళ్ల, చుట్టూ గుండెకు కుట్టడానికి పాలియెస్టర్ బట్ట. విదేశాల్లో బిళ్లకు వాడే పైరోలిటిక్ కార్బన్ అప్పట్లో మనకు అందుబాటులో లేదు. కాబట్టి మరో పదార్థం వెతుక్కోవాలి. మొదటి నమూనాలో చట్రానికి అతికిన కమ్మీ వెల్డు దగ్గర పెళుసెక్కి విరిగింది. రెండో నమూనాకు నీలమణి స్ఫటికంతో బిళ్ల చేశారు. అది అంత గట్టిది కాబట్టే తనకు ఆనుకున్న టైటానియం చట్రాన్ని అరగదీసింది. మూడోసారి చట్రాన్ని ఒకే దిమ్మెలోంచి, హేన్స్-25 అనే కోబాల్టు మిశ్రలోహంతో మలిచారు. అరుగుదల తగ్గింది. అయితే గొర్రెకు అమర్చి చూసినప్పుడు నీలమణి బిళ్లే పగిలింది.

ఇంజనీరింగు తెలిసినవాళ్లకు ఈ మూడు ఓటముల వరసలో ఒక తర్కం కనిపిస్తుంది. మొదటిది అతుకు నేర్పిన పాఠం, రెండోది జతపడే పదార్థాలు నేర్పిన పాఠం, మూడోది దెబ్బకు తట్టుకోవడం గురించిన పాఠం. నాలుగో నమూనాలో ఈ మూడింటికీ సమాధానం దొరికింది. చట్రం అదే కోబాల్టు మిశ్రలోహం, అతుకు లేనిది. బిళ్ల మాత్రం అత్యధిక అణుభారంగల పాలిఎథిలీన్. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ కృత్రిమ తుంటి కీళ్లకు వాడి నిలబెట్టిన ప్లాస్టిక్కే ఇది. దాని మెత్తదనమే పనికొచ్చింది. పగలదు, చట్రాన్ని అరగదీయదు, ఖరీదూ తక్కువ. గుండెకన్నా ఎన్నో రెట్లు వేగంగా వాల్వును ఆడించే యంత్రాలమీదా, ఆ తర్వాత గొర్రెలమీదా పరీక్షించి, 1990 డిసెంబరు 6న మొదటిసారి ఒక మనిషికి అమర్చారు. దేశంలోని ఆరు ఆసుపత్రుల్లో 300 మందికి పైగా రోగులమీద పరీక్ష జరిగింది. తర్వాత టి.టి.కె. సంస్థ తయారీకి తీసుకుంది. నేటికి లక్షకు పైగా గుండెల్లో ఆ వాల్వు అమర్చారు.

అదే లోపం, మరోచోట

ఇక్కడ ఇంకో వాల్వు సంగతి చెప్పకపోతే పై కథ విలువ తెలియదు. స్వీడన్ సర్జను బ్యోర్క్, అమెరికన్ ఇంజనీరు షైలీ కలిసి చేసిన వాలు బిళ్ల వాల్వును ఒక దశలో ప్రపంచమంతా వాడారు. రక్తం ఇంకా బాగా పారాలని 1979లో దాని ఆకృతి మార్చి అమ్మకానికి పెట్టారు. 1986లో వెనక్కి తీసుకునే నాటికి 80 వేలకు పైగా మనుషుల్లో అవి ఉన్నాయి. వాటిలో కొన్నింటికి బిళ్లను పట్టి ఉంచే కమ్మీ వెల్డు దగ్గర విరిగింది. విరిగినప్పుడు బిళ్ల జారిపోయేది. వందలమంది ప్రాణాలు పోయాయి.

తిరువనంతపురంలోనూ విరిగింది వెల్డే. కాకపోతే అక్కడ బల్లమీది యంత్రంలో విరిగింది, ఇక్కడ మనుషుల గుండెల్లో. మొదటివాళ్లు తెలివైనవాళ్లనీ, రెండోవాళ్లు కారనీ నేను అనడం లేదు. సరుకు బజారులోకి దిగాక ప్రతి ఓటమికీ ఒక మనిషి మూల్యం చెల్లించాలి. బజారుకు దూరంగా ఏళ్ల తరబడి ఒకే వస్తువును విరగ్గొడుతూ కూర్చునే హక్కు జీతమిచ్చి పోషించే పరిశోధన సంస్థకే ఉంటుంది. ఆ హక్కును వాడుకోకపోతే దాని అవసరమే లేదు.

టొరంటోలో పన్నెండు రోజులు

మందుల విషయంలోనూ ఇంతే. 1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో, ఆచార్య మెక్లియోడ్ ఇచ్చిన గదిలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువ సర్జను, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి కుక్కల క్లోమం నుంచి తీసిన సారంతో రక్తంలో చక్కెర తగ్గించగలిగారు. 1922 జనవరి 11న పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు మొదటి సూదిమందు ఇచ్చారు. చక్కెర కాస్తే తగ్గింది, సూది గుచ్చినచోట గడ్డ లేచింది. సారం శుద్ధంగా లేదు. జేమ్స్ కాలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త రాత్రింబవళ్లు శుద్ధిచేసిన సారం జనవరి 23న ఇస్తే కుర్రవాడు తేరుకున్నాడు. ఆ పన్నెండు రోజుల్లో కొత్త ఆలోచనేమీ పుట్టలేదు. శుద్ధిచేసే పద్ధతి కుదిరింది, అంతే. ప్రాణం నిలిపింది అదే.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. ఎక్కువ మోతాదులో చేయబోతే కాలిప్ చేతికే ఆ పద్ధతి చిక్కలేదు. కొన్ని వారాలపాటు టొరంటోలో మందు దాదాపు కరువైంది. చిన్న గాజుకుప్పెలో కుదిరింది పెద్ద తొట్టిలో కుదరదని కెమికల్ ఇంజనీరింగు విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. చివరకు ఎలై లిల్లీ కంపెనీ ఇంజనీర్లతో చేతులు కలిపాకే ఇన్సులిన్ వేలమందికి అందింది.

తాళంచెవి ఎవరి దగ్గర?

కంపెనీతో చేతులు కలపడమంటే మందు హక్కుల ప్రశ్న వస్తుంది. టొరంటో వాళ్లు పేటెంటు తీసుకున్నారు, ఒక్కొక్కరూ ఒక్క డాలరుకు దాన్ని విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. మరెవరో ముందుగా పేటెంటు పట్టేసి తలుపు మూసెయ్యకూడదనీ, నాసిరకం మందు ఇన్సులిన్ పేరుతో బజారుకు రాకూడదనీ వాళ్ల ఉద్దేశం. పేటెంటును కంచెగా కాక కాపలాగా వాడారన్నమాట.

ఆక్స్‌ఫర్డ్‌లో దీనికి భిన్నంగా జరిగింది. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెనిసిలిన్ ఇచ్చినప్పుడు మందు ఎంత అరుదంటే, అతని మూత్రంలోంచి తిరిగి తీసి మళ్లీ ఎక్కించారు. కోలుకుంటున్నాడనగా మందు అయిపోయింది, మనిషి దక్కలేదు. పేటెంటు తీసుకుందామని ఎర్న్‌స్ట్ చైన్ అన్నాడు. వైద్యుల మర్యాదకు అది తగదని పెద్దలు వారించారు. తయారీ అమెరికాకు వెళ్లింది, తయారీ పద్ధతులమీద పేటెంట్లు అక్కడివాళ్లు తీసుకున్నారు.

మూడో ఉదాహరణ 1973 నాటిది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ కోహెన్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హెర్బర్ట్ బోయర్ జన్యువులను అతికే పద్ధతి కనిపెట్టారు. దాని పేటెంటును ఏ ఒక్క కంపెనీకో కట్టబెట్టకుండా, అందుబాటు రుసుముతో వందల కంపెనీలకు ఇచ్చారు. గడువు తీరేలోగా 25 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. తలుపు తెరిచి ఉంచితే డబ్బు రాదన్న అపోహ పోవడానికి ఇది చాలు. ఆ పద్ధతితోనే బాక్టీరియాలో మానవ ఇన్సులిన్ తయారై, 1982లో అమెరికాలో అనుమతి పొందింది.

ప్రభుత్వ సొమ్ముతో చేసిన పరిశోధనపై హక్కును విశ్వవిద్యాలయమే ఉంచుకోవచ్చని అమెరికాలో 1980లో బే-డోల్ చట్టం వచ్చింది. ఆ ఒరవడిలోనే మన దగ్గర 2008లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. చట్టం ఉన్నా లేకున్నా మన సంస్థలు ఒప్పందం రాసుకునేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న టొరంటో వాళ్లదే. ఈ కాగితం రోగికీ మందుకూ మధ్య దూరాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా?

మనవాడి పట్ల హార్వర్డ్

విశ్వవిద్యాలయాన్ని మరీ పొగిడానేమో. దాని చూపు ఎంత పొట్టిదో చెప్పడానికి మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితమే సాక్ష్యం. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో శరీరద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే రంగుపద్ధతిని ప్రకటించారు. అది కొలిచే సాధనం మాత్రమే. కాని ఆ సాధనం చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929 నాటికి కణాలకు శక్తినిచ్చే ఏటీపీనీ పట్టుకోగలిగారు. అంతటి పనిచేసిన మనిషికి హార్వర్డ్ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లే కంపెనీకి వెళ్లిపోయారు.

అక్కడ ఆయన నడిపిన బృందం నుంచి ఫోలిక్ యాసిడ్ కృత్రిమ తయారీ, పిల్లల రక్త క్యాన్సరుమీద సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో వాడిచూసిన మందులు, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వచ్చాయి. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆ బృందం తెచ్చిందే. గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన ఆ మాత్ర వెనక ఆ జిల్లాల బిడ్డే ఉన్నాడని మింగినవాళ్లలో చాలామందికి తెలియదు. 1948లో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. ఆవిష్కరణను గుర్తించే కళ్లు కొలతలనూ, పద్ధతులనూ కూడా గుర్తించకపోతే ఇలాంటి మనుషులు గడప దాటిపోతారు.

ఇక మన కళాశాల

హైదరాబాదులో జరిగిన చిన్న సంగతి ఒకటి అబ్దుల్ కలాం గారు తరచు చెప్పేవారు. నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు రక్షణ పరిశోధనశాలకు వచ్చి, క్షిపణులకు వాడే తేలికైన పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడుస్తూ నడవడం కలాం గారికి చూపించారు. ఫలితంగా 300 గ్రాముల కాలిపర్లు వచ్చాయి. పదార్థం అంతకుముందే ఉంది, అవసరమూ అంతకుముందే ఉంది. ఒకరు మరొకరి గదిలోకి వెళ్లడమే కొత్త.

మన ఊళ్లో వైద్య కళాశాలకూ ఇంజనీరింగు కళాశాలకూ మధ్య ఆటోలో వెళ్లేంత దూరమే. అయినా మన ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టుల్లో ఎక్కువభాగం ఏ డాక్టరూ అడగని పరికరాలే. అవి ప్రదర్శన రోజున ఒక్కసారి పనిచేస్తాయి. ఫొటో దిగుతాం, బీరువాలో పెడతాం. అధ్యాపకుడికి పదోన్నతి కావాలంటే వ్యాసాల సంఖ్య చూస్తున్నాం, పేటెంటు దరఖాస్తుల సంఖ్య చూస్తున్నాం. ఒక పరికరాన్ని మూడేళ్లు ఆడించి, అది ఎందుకు ఆగిపోయిందో నిక్కచ్చిగా రాసినవాడికి ఏ గడిలోనూ మార్కు లేదు. వలియత్తాన్ బృందాన్ని మూడో నమూనా నాడు ఇదే కొలబద్దతో కొలిచి ఉంటే నాలుగోదానికి డబ్బు దొరికేది కాదు.

అందుకని ఈ ఉపన్యాసం నడిపే నిధి నిర్వాహకులకు రెండు విన్నపాలు చేస్తున్నాను. ఏటా ఈ ఉపన్యాసానికి అయ్యే ఖర్చులో కొంత తగ్గించి, వస్తువులను రోజుల తరబడి ఆడించి అలసటకు విరగ్గొట్టే పరీక్షా యంత్రం ఒకటి కొనండి. తర్వాత దాని నిర్వహణకు వడ్డీ కేటాయించండి. ఇక రెండోది, వచ్చే ఏడాది నుంచి ప్రాజెక్టు ప్రదర్శనలో ఏ పరికరం పెట్టినా, దాన్ని అడిగిన డాక్టరు లేదా నర్సు ఎవరో, పరీక్షలో అది ఎన్నిసార్లు ఎక్కడ విరిగిందో పక్కనే కాగితంమీద రాసి పెట్టించండి. ఒక్కసారి కూడా విరగలేదని రాసినవాళ్లకు బహుమతి ఇవ్వకండి. వాళ్లింకా పరీక్ష మొదలుపెట్టలేదని అర్థం.