రియో నగరమును చూచిన కన్నులు

రియో డి జనీరో అను పేరునకు పోర్చుగీసు భాషలో జనవరి నది అని అర్థము. అక్కడ నది లేదు. 1502వ సంవత్సరము జనవరి మొదటి దినమున పోర్చుగీసు నావికులు ఆ తీరమును చేరి, కొండల నడుమ లోపలికి చొచ్చుకొనిపోయిన సముద్రమును చూచి, అది నదీముఖమని భ్రమించి ఆ పేరు పెట్టినారని వాడుక. నది కాదని తెలిసిన తరువాత కూడ పేరు మారలేదు. తొలి యాత్రికులే పొరపడిన ఆ ఊరిని గూర్చి తరువాతి యాత్రికులు ఏమి చెప్పినారో తెలిసికొనవలెనని మాకు కుతూహలము కలిగినది.

మేము రియో నగరమును చూచినవారము కాము. ప్రసంగములు కూర్చు వృత్తిలో ఉన్నందున దూరదేశములను ఇతరుల కన్నులతో చూచుట మాకు అలవాటు. రెండు శతాబ్దులుగా ఆ రేవున దిగినవారిలో కొందరు వ్రాసిపెట్టిన దినచర్యలను, గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినప్పుడు మాకు తోచిన మాట ఒకటి ఉన్నది. ఆ ఊరి అందము బహు గడుసుది. వచ్చినవాని చూపును ముందు తానే పట్టుకొని, మరియొక వైపునకు పోనీయదు.

ఓడ గ్వనబార అఖాతములోనికి ప్రవేశించునప్పుడు ఎడమచేతి వైపున ఒక రాతిశిఖరము నిట్టనిలువుగా లేచి కనబడును. దాని ఎత్తు 396 మీటర్లు. పూర్వము చక్కెరపాకమును మొనతేలిన అచ్చులలో పోసి దిమ్మలుగా చేసెడివారు. ఆ పోలికను బట్టి ఆ కొండకు చక్కెరదిమ్మ అని పేరు వచ్చినది. 1912 నుండి దానిపైకి తీగెలపై నడచు బండి ఉన్నది. దాని వెనుక, ఊరి నడుమ, కొర్కొవాదో, అనగా గూనికొండ, 710 మీటర్లు. ఆ కొనపై చేతులు చాచి నిలిచిన క్రీస్తు విగ్రహమును 1931లో నెలకొల్పినారు. మా వృత్తివారికి ఆ కొండతో మరియొక సంబంధము కలదు. 1922 సెప్టెంబరు 7న, బ్రెజిల్ స్వాతంత్ర్య శతాబ్ది ఉత్సవములలో, ఆ దేశపు మొదటి రేడియో ప్రసారము జరిగినప్పుడు ప్రసార యంత్రమును నిలిపినది ఈ గూనికొండపైననే. విగ్రహముకంటె ముందు ఆ శిఖరమునుండి ఊరిపై వ్యాపించినది దేశాధ్యక్షుని కంఠము.

ఇక యాత్రికులు. 1821 డిసెంబరులో మరియా గ్రాహం అను ఆంగ్ల వనిత తన భర్త నడపు నౌకలో ఈ రేవునకు వచ్చినది. ఈమె మనకు కొత్త కాదు. అంతకు పదేండ్లకు పైగా ముందే బొంబాయికి వచ్చి, మద్రాసును, కలకత్తాను చూచి, మహాబలిపురపు శిల్పములను దర్శించి, 1812లో హిందూదేశ నివాసమును గూర్చి ఒక దినచర్య గ్రంథమును ప్రకటించినది. అందుచేత రియో అఖాతమును చూచినప్పుడు ఆమెకు పోల్చుటకు చాల రేవులు జ్ఞాపకమున్నవి. నేపుల్సు, బొంబాయి, తిరుకోణమల, ఇవన్నియు దీనికి తలవంచవలసినవేనని వ్రాసుకొన్నది.

ఆమె అక్కడ ఆగిపోయి ఉండిన మనము ఆమె పేరు చెప్పుకొనవలసిన పనిలేదు. దక్షిణమునకు పోవుచుండగా కేప్ హార్న్ ప్రాంతమున ఆమె భర్త ఓడలోనే మరణించినాడు. చిలీలో కొంతకాలముండి, 1823లో ఆమె రియోకు తిరిగి వచ్చినది. ఆ సంవత్సరము మే మొదటి దినమున వలొంగో వీధిని చూచినది. అది బానిసల అంగడి. ఆఫ్రికానుండి ఓడలలో తెచ్చి దింపిన మనుష్యులను ఆ వీధి ఇండ్లలో ఉంచి అమ్మెడివారు. వాకిండ్ల దగ్గర పొడుగాటి బల్లలపై పిల్లలు వరుసలుగా కూర్చుండియున్నారు. గుండు గీసిన తలలు, చిక్కిన శరీరములు, చర్మముపై గజ్జి మచ్చలు. ఒక ఇంటి సగము తలుపుపై కొందరు బాలబాలికలు ఆనుకొని వీధిలోనికి చూచుచున్నారు. ఆమె వారి దగ్గరకు పోయి నిలిచినది. ఏడ్పు వచ్చుచున్నను నవ్వు తెచ్చిపెట్టుకొని, తన చేతిని తానే ముద్దుపెట్టుకొని వారివైపు చూపినది. ఆ పిల్లలు సంతోషించి, బదులు మర్యాద చేయుచున్నట్లు ఎగిరి గంతులు వేసినారు. తమకు జరుగబోవునది తెలియని ఆ కొద్దిపాటి సంతోషమును తాను చెరుపజాలనని ఆమె వ్రాసుకొన్నది. ఈ పుటను మైకు ముందర చదువుట మాకు సులభము కాలేదు.

తొమ్మిదేండ్ల తరువాత, 1832 ఏప్రిల్ 4న, బీగిల్ ఓడ రియో చేరినది. అందులో ఇరువది మూడేండ్ల చార్లెస్ డార్విన్ ఉన్నాడు. బొతఫోగో అను చోట సముద్రపుటొడ్డున ఒక చిన్న ఇంటిలో ఉండి, జూలై మొదటి వారము వరకు ఆ ప్రాంతమున గడపినాడు. పగలు పురుగులను ఏరుకొనుట, సాయంకాలము తోటలో కూర్చుండి చెట్టుకప్పల పాట వినుట. 1808లో స్థాపించిన ఉద్యానవనమునకు పోయి మిరియపు తీగె, దాల్చినచెక్క, లవంగము, కర్పూరపు చెట్ల ఆకుల వాసన చూచినాడు. అక్కడి పనస, మామిడి చెట్ల ఆకుల సొంపు అతనిని ముగ్ధుని చేసినది. ఆ చెట్లు మన వైపునుండి పోయినవే. బ్రెజిల్‌లో మామిడిని మాంగ అనియు, పనసను జాక అనియు అందురు. పోర్చుగీసువారు మలబారు తీరమున విన్న పేర్లను చెట్లతోపాటు సముద్రము దాటించినారు.

అయితే ఆ యువకునకు అడవి ఎంత నచ్చినదో ఊరిలోని సంగతులు అంత బాధించినవి. వచ్చిన నాలుగవ దినముననే లోపలి ప్రాంతమునకు ప్రయాణమై పోవుచుండగా ఒక బోడి రాతికొండను చూచినాడు. పారిపోయిన బానిసలు కొందరు దాని శిఖరము దగ్గర కొంచెము నేల సాగుచేసికొని చాలకాలము బ్రతికినారట. చివరకు సైనికులు వచ్చి పట్టుకొన్నారు. ఒక ముసలామె మాత్రము మరల బానిసత్వమునకు పోవుటకంటె మేలని శిఖరమునుండి దూకి ముక్కలైపోయినది. రోమను ఇల్లాలు ఈ పని చేసియుండిన దానిని స్వాతంత్ర్యప్రియత్వమని కొనియాడుదురు, నీగ్రో స్త్రీ చేసినందున మొండితనమందురు అని డార్విన్ వ్యాఖ్యానించినాడు. రియోలో అతని ఇంటికి ఎదురుగా ఉన్న ఒక వృద్ధురాలు తన దాసీల వ్రేళ్ళు నలుపుటకు మరసీలలు పెట్టుకొని ఉండెడిది.

అన్నిటికంటె మా మనస్సులో నిలిచినది ఒక చిన్న సంగతి. ఒకనాడు నది దాటుచు, పడవలోనున్న నల్లవానికి తన మాట తెలియుటకై డార్విన్ బిగ్గరగా మాట్లాడుచు చేతులు త్రిప్పినాడు. చేయి ఆ మనుష్యుని ముఖమునకు సమీపముగా పోయినది. అతడు బలిష్ఠుడు. ఐనను కొట్టబోవుచున్నాడని తలచి, కన్నులు సగము మూసి, చేతులు క్రిందికి వ్రేలాడవేసి నిలిచిపోయినాడు. దెబ్బను తప్పించుకొనుటకు కూడ చేయి ఎత్తలేదు. డార్విన్ సిగ్గుపడినాడు. 1836లో బ్రెజిల్ తీరమును చివరిసారి విడచునప్పుడు, బానిసలున్న దేశమును తాను మరల చూడనక్కరలేనందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకొన్నాడు.

విచిత్రమేమనగా, డార్విన్ వచ్చుటకు ముందే, 1831 నవంబరులోనే, ఆఫ్రికానుండి బానిసలను దింపరాదని బ్రెజిల్ చట్టము చేసినది. ఇంగ్లండు ఒత్తిడివలన చేసిన చట్టమది. 1850 వరకు వ్యాపారము దొంగచాటుగా సాగుచునే ఉన్నది. పైకి మాత్రము కనబడు పనిని బ్రెజిల్ వారు నేటికిని ‘ఇంగ్లీషువాడు చూచుటకు’ అందురు. ఆ నానుడి ఈ చట్టముతోనే పుట్టినదని పలువురు చెప్పుదురు. యాత్రికుని గూర్చి ఇంతకంటె చురుకైన మాట మేము వినలేదు.

ఊరి మధ్యనున్న తిజూక అడవి సంగతి కూడ ఇట్టిదే. కొండపై నిలిచి ఆ పచ్చదనమును చూచిన యాత్రికుడు అది ఆదికాలపు అరణ్యమనుకొనును. కాఫీతోటలకై ఆ కొండల అడవిని చాలవరకు నరికివేసినారు. వాగులు ఎండి నగరమునకు నీటికరవు వచ్చినది. అప్పుడు చక్రవర్తి రెండవ పేద్రో ఆజ్ఞపై 1861లో మరల అడవి నాటుట ఆరంభించినారు. ఆ పనికి మొదట నియోగింపబడినవారు ఆరుగురు బానిసలు: ఎలెఉతేరియో, కాన్స్తాంతీనో, మనుఎల్, మతేఉస్, లెయోపోల్దో, మరియ అను స్త్రీ. పేర్లు మిగిలినవి, ఇంటిపేర్లు మిగులలేదు.

బానిసత్వమును పూర్తిగా రద్దుచేసినది 1888 మే 13న. అమెరికా ఖండములలో అన్నిటికంటె చివర. తరువాతి యాత్రికులకు బానిసల అంగడి కనబడలేదు గాని, కొండలమీద బీదల గుడిసెలు కనబడినవి. వానిని ఫవేలాలు అందురు. 1935లో వచ్చిన ఫ్రెంచి పండితుడు క్లోద్ లెవీస్ట్రాస్‌కు రియో అందము ఏమాత్రము పట్టలేదు. చక్కెరదిమ్మ, గూనికొండ ఆయనకు బోసినోటిలో అక్కడక్కడ మిగిలిన పంటి మొదళ్ళవలె కనబడినవి. ఇది పుల్లవిరుపు అనిపించవచ్చును. కాని ఆ ఊరిలో మనిషి అంతస్తు అతని ఇల్లు ఎంత పల్లములో ఉన్నదో దానిని బట్టి తెలియునని ఆయన గమనించినాడు. కొండపైకి పోయిన కొలది బీదతనము, కొండపై నీరుండదు.

మరుసటి ఏడు, 1936లో, వియన్నా రచయిత స్టెఫాన్ త్స్వైగ్ వచ్చినాడు. ఆయనకు ఊరు మహాసుందరముగా తోచినది. హిట్లరు ఏలుబడి యూరపును క్రమ్ముచున్న దినములవి. యూదుడైన ఆయనకు తన దేశము తనది కాకుండ పోయినది. తెల్లవారు, నల్లవారు ఒకే వీధిలో కలసి నడచుచుండగా చూచి ఆయన మనస్సు ఊరట చెందినది. 1941లో బ్రెజిల్‌ను రాబోవు కాలపు దేశమని కీర్తించుచు గ్రంథము ప్రకటించినాడు. ఫవేలాలు ఆయన కంటికి వన్నెగల దృశ్యములు. అవి త్వరలో మాయమైపోవునేమో యని చింతించినాడు. మాయము కాలేదు. 2022 జనాభా లెక్కలలో రోసిన్యా అను ఒక్క ఫవేలాలోనే 72 వేలమంది ఉన్నారు. త్స్వైగ్ చూపు తప్పినదని చెప్పుట సులభము. ఇల్లు కాలినవాడు నీడ దొరికిన చోట చెట్టుకు చీడ ఉన్నదా అని పరీక్షింపడు. 1942 ఫిబ్రవరిలో రియోకు సమీపమున పెత్రోపోలిస్ అను కొండ ఊరిలో ఆయన, ఆయన భార్య ఆత్మహత్య చేసికొన్నారు.

వలొంగో ఏమైనది? 1811లో అక్కడ బానిసలను దింపుటకై రాతి రేవు కట్టినారు. ఆ రేవున దిగినవారు తొమ్మిది లక్షలమంది అని అంచనా. 1843లో చక్రవర్తికి పెండ్లికుమార్తెగా తెరేజ క్రిస్తీన ఇటలీనుండి వచ్చినది. ఆమె కాలు మోపుటకై ఆ రేవునే ఎన్నుకొని, పాత రాళ్ళు కనబడకుండ పైన కొత్త రాళ్ళు పరచి, చక్రవర్తిని రేవు అని పేరు పెట్టినారు. 1911లో దానిని కూడ మట్టితో పూడ్చి పైన వీధి వేసినారు. 1996లో ఆ పేటలో ఒక దంపతులు ఇల్లు బాగుచేయించుకొనుచు నేల త్రవ్వగా ఎముకలు బయటపడినవి. ఓడనుండి దిగి, అమ్ముడుపోకమునుపే మరణించినవారిని పాతిన స్థలమది.

2016 ఒలింపిక్ క్రీడలకై రేవు ప్రాంతమును చక్కబెట్టు పనులలో, 2011లో, వలొంగో రేవు మరల వెలుగు చూచినది. రాళ్ళ సందులలో గవ్వలు, పూసలు, తాయెత్తులు దొరికినవి. ఏమియు లేకుండ దింపినారనుకొన్న మనుష్యులు ఏదో ఒకటి దాచుకొని తెచ్చుకొన్నారన్నమాట. 2017లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది.

యాత్రికుల ఓడలు నిలుచు రేవునుండి అక్కడికి నడచిపోవచ్చును. వీధికంటె పల్లములో ఒక గుంట, చుట్టును కటకటాలు. అందులో రెండు వరుసల రాళ్ళు ఉన్నవి. పై వరుసవి చక్రవర్తిని కొరకు నలుపలకలుగా చెక్కి పేర్చినవి. క్రింది వరుసవి చిన్నవి, ఎగుడుదిగుడుగా ఉన్న గుండ్రాళ్ళు.