పడుకుంటే ఆయాసమా?

సూరత్ మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలకు, హజీరా దారిలో ఇచ్ఛాపూర్ చుట్టుపక్కల పనిచేసే మనవాళ్లకు ఒక మాట.

వెల్లకిలా పడుకుంటే ఆయాసం, రెండు మూడు దిండ్లు ఉంటేగానీ నిద్ర పట్టకపోవడం, వాచిన పాదాన్ని వేలితో నొక్కితే గుంట పడటం. ఇవన్నీ వయసు వల్లనో, గ్యాస్ వల్లనో అని సరిపెట్టుకోకండి. గుండె నెత్తుటిని సరిగా తోయలేక ఒంట్లో నీరు చేరుతుండవచ్చు. దీన్నే హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. గుండె ఆగిపోయిందని కాదు, హడలిపోకండి.

దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనే డాక్టరు మెడ నరాలు చూసి, ఊపిరితిత్తులు విని, ఈసీజీ తీయించి జబ్బును అనుమానించగలరు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్షలో 125 లోపు వస్తే ఈ జబ్బు ఉండే అవకాశం తక్కువ. ఎక్కువ వస్తే ఎకో (గుండె స్కాన్) తీయించాలి.

ఫ్యూరోసెమైడ్ నీరు తీసి ఆయాసం తగ్గిస్తుంది. గుండె బలహీనపడినవారి ఆయుష్షు పెంచే మందులు వేరే ఉన్నాయి. తేలికపడ్డామని వాటిని మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

నా బెంగంతా నొప్పి మాత్రల గురించే. మగ్గం దగ్గర నిలబడి నిలబడి నడుం పట్టేస్తే చాలామంది డైక్లోఫెనాక్ కొని మింగుతారు. అది ఉప్పునీ నీటినీ ఒంట్లోనే నిలబెడుతుంది. ఊరినుంచి తెచ్చుకున్న ఆవకాయ కూడా అంతే, తగ్గించండి.

రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆరోజే డాక్టరును కలవండి. ఊరెళ్లేటప్పుడు మాత్రలు, ఎకో రిపోర్టు సంచిలో పెట్టుకోండి.